మగ్గం చప్పుడు ఉన్న ఇల్లు

మా సందులో ఎవరింట్లోకి జబ్బు దూరినా ముందు తెలిసేది చెవికే. గద్వాలలో మేముండేది నేతగాళ్ల సందు. అటొక వరుస, ఇటొక వరుస ఇళ్లు. ప్రతి ఇంటి ముందు గదిలోనూ గుంట తవ్వి దించిన మగ్గం. పొద్దున చాయ నీళ్లు గొంతులో పడింది మొదలు దీపాలు పెట్టే దాకా మగ్గం పలక దెబ్బల చప్పుడే. కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి రోజు తల పట్టుకుని కూర్చుంటారు. మాకు అది గాలిలాంటిది. ఉన్నదని గుర్తుండదు, ఆగితేనే తెలుస్తుంది.

ఆగడానికి కారణాలు ఎన్నో ఉండవు. అమావాస్యనాడు ఎవరూ నేయరు. ఇంట్లో ఎవరైనా పోతే నేయరు. మూడోది అమ్మవారు. పిల్లలకు ఒంటి నిండా ఎర్రగా పేలితే, అది తట్టయినా మరొకటైనా, అమ్మ వచ్చిందనే అంటాం. అమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్లు మగ్గం మీద కూర్చోకూడదు. పోగును దగ్గరికి కొట్టే ఆ పలక దెబ్బ ఆమె నెత్తిన పడ్డట్టేనని పెద్దలు చెప్పేవాళ్లు. గడపకు వేపమండలు కట్టాలి, ఇంట్లో తాలింపు పెట్టకూడదు, పరాయివాళ్లు లోపలికి రాకూడదు. అందుకని మా సందులో పిల్లల తల్లులు చెవితో నడుస్తారు. చప్పుడున్న ఇంట్లోకి నిబ్బరంగా పోతారు. చప్పుడు లేని ఇల్లు వచ్చిందంటే, బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని గబగబా దాటేస్తారు.

నా మనవరాలి సంగతి చెప్పాలంటే ఈ చప్పుడు దగ్గరే మొదలుపెట్టాలి.

మా ఆయన పోయాక మగ్గం దుమ్ము కొట్టుకుపోయింది. నాకు ఒక్కతే బిడ్డ. దాన్ని బయటికి పంపలేక, నేతపని తెలిసిన పిల్లవాణ్ని ఇల్లరికం తెచ్చుకున్నాను. మా అల్లుడు మాటలు తక్కువ మనిషి. అయితే గద్వాల చీర ఒక్కరు కూర్చుని నేస్తే ఒక పట్టాన తెమిలేది కాదు. నడుమంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగులో పోగు చిక్కించుకుంటూ పోవాలి. పక్కన ఇంకో మనిషి కూర్చుని, అంచు పోగు మోసే నాడె అందిస్తే పని సాగుతుంది. ఆ పక్క మనిషి నా బిడ్డ. డిగ్రీ దాకా చదివింది, ఉద్యోగం దొరకలేదు, మొగుడి పక్కన కూర్చుంది. నేను రాట్నం తిప్పి కండెలు చుడతాను. నాకు చదువు లేదు గానీ ఏ చీర అంచుకు ఏ రంగు పోశామో, అది ఎవరి పెళ్లికి పోయిందో ఈనాటికీ అడగండి, చెప్తాను.

మనవరాలు నెలలు నిండకుండానే పుట్టింది. వేసవి నడిమి. ఎత్తుకుంటే చేతుల్లో బరువే తెలిసేది కాదు. తూకం తక్కువగా ఉంది, జాగ్రత్తగా చూసుకోమని దవాఖానలో చెప్పి పంపారు. మగ్గం పక్కనే తొట్టెల కట్టాం. మగ్గం ఆడుతున్నంతసేపు నిద్రపోయేది. ఆగిందంటే కళ్లు తెరిచేది. కొంచెం పెరిగాక ఇంకో వింత. తల్లి దగ్గర పాలు తాగుతూ తాగుతూ, మగ్గం మొదలైందంటే చాలు, రొమ్ము వదిలేసి తల అటు తిప్పేది. అది చూడటానికే మా అల్లుడు కావాలని చేయి ఆపి, కాసేపుండి ఒక్క దెబ్బ కొట్టేవాడు. పిల్ల తల తిప్పేది.

"సూసినవా? నేను పిలిస్తె పలుకుతుంది" అని మురిసిపోయేవాడు.

"పలికింది నీకు గాదులే, నీ పలకకు. నిన్నెవరు సూస్తరు?" అని నా బిడ్డ వెక్కిరించేది.

అంత చిన్న పిల్లకు నెలన్నర దాటగానే మొదటి టీకాలు వేయించాం. రెండు తొడలకూ సూదులు, నోట్లో చుక్కలు. ఆ సాయంత్రం నుంచి ఒళ్లు పెనంలా కాలింది. ఒక తొడ గట్టిపడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి ఏడుపు చప్పుడు కూడా రాలేదు. నోరు తెరుచుకునే ఉంది, గొంతులోంచి ఏమీ రావటం లేదు. నా బిడ్డ ఆ నోటినే చూస్తూ కూర్చుంది. మరుసటి రోజుకి జ్వరం దిగింది, పిల్ల నవ్వింది. తల్లి మొహంలో మాత్రం నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఫోను పట్టుకుంది. అంచు నాడె అందిస్తూ కూడా ఒక చెవిలో తీగ పెట్టుకుని వినేది. ఎవరో ఒకాయన పిల్లలకు టీకాలు వద్దని చెప్తున్నాడట. అలాంటివాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. ఒకరిది వింటే ఇంకొకరిని ఆ ఫోనే తెచ్చి చూపిస్తుందట.

తర్వాతి టీకాల వేళకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. మా సందు వెనక వీధి పిల్లే, మాకందరికీ తెలిసిందే. గడపలో కూర్చుని నీళ్లు తాగి అడిగింది.

"అక్కా, రేపు బస్తీ దవాఖానకు పిల్లను తోల్కరా. రెండోసారి సూదులు."

"నేను ఏయియ్య" అంది నా బిడ్డ.

"ఎందుకు?"

"మొన్న ఏం గోస పడ్డదో నువ్వు సూడలే. నేను సచ్చి బతికిన."

"జొరమొస్తె పని చేస్తున్నట్టక్కా. తగ్గింది గద?"

"తగ్గింది. ఈసారి తగ్గకుంటే? సంటిపిల్ల ఒంట్ల రోగాన్ని కొట్టే బలం ఇంక తయారే గాలేదంట. తయారుగాకముందే గిన్ని రోగాల మందు ఒక్కపారే పోస్తె, ఉన్న బలం గూడ పోతదంట. నెలలు నిండక పుట్టినోళ్లకైతే ఇంక కష్టమంట."

"ఎవరన్నరు?"

"ఫోన్ల ఒకాయన. పెద్ద డాక్టరే. మెడల గొట్టం ఉంది."

ఆశా పిల్ల నవ్వింది. "మెడల గొట్టముంటే డాక్టరేనా? మా చిన్నాయిన నాటకంల కిరీటం పెట్టుకుంటడు. గద్వాల కోట మాదేనా మరి?"

నేనూ నవ్వాను. అల్లుడు కూడా మగ్గం గుంటలోంచి నవ్వాడు. నా బిడ్డ నవ్వలేదు. ఆ పిల్లకు అర్థమై, కొంచెం ముందుకు జరిగి నెమ్మదిగా చెప్పింది.

"సూడక్కా, నీ పిల్ల రేపు బోర్ల పడతది, పాకుతది. దొరికిందల్ల నోట్ల పెట్టుకుంటది. నూలు కండె నాకుతది, నీ చీర కొంగు నాకుతది. వాటి మీద ఎన్ని క్రిములుంటయ్! పుట్టిన కాన్నుంచి ఒళ్లు వాటితోని కొట్లాడుతనే ఉంది. సూదిల ఉండేది దాని ముంగట ఇసుమంత. నెలలు నిండక పుట్టిన పిల్లకైతే ఇంక ముందుగాల కావాలె, రోగమొస్తె తట్టుకోలేదు గనక."

"నా పాలు తాగుతుంది. నా బలం దానికి రాదా?"

"వస్తది. నీ కడుపులకెల్లి తెచ్చుకున్నది గూడ ఉంటది. గానీ అది కొన్ని నెలలే అక్కా. తొమ్మిదో నెల దాటేటప్పటికి అరిగిపోతది. అందుకే అప్పుడు తట్టు సూది ఏస్తరు."

"మరి ఇన్నేసి ఒకటేసారి ఎందుకు? ఒక్కొక్కటి ఏస్తె ఏంబోతది?"

ఆ పిల్ల, "అది నాకు సరిగ చెప్పరాదు. డాక్టరమ్మను అడుగుదువు రా" అంది.

"ఆడికొస్తె అడుగుడు తక్కువ, పొడుసుడు ఎక్కువ" అంది నా బిడ్డ.

నేను అందుకున్నాను. "నిన్ను నేను చంకల ఏసుకొని లైన్ల నిలబడి ఏయియ్యలేదానె? నువ్వు బతికి బట్ట కట్టలేదా?"

"అప్పుడు గిన్ని సూదులు లేవమ్మా."

"లేవు. అప్పుడు పిల్లలు గూడ గిందరు మిగల్లేదు" అన్నాను. నోరు జారి వచ్చిన మాట. నా తోడబుట్టిన చిన్నది ఒకతి తట్టు పోసి పోయింది. దాని పేరు కూడా మా ఇంట్లో పలకరు. మా అవ్వ అనేది, పిల్లలెందరని అడిగితే తట్టు వచ్చి పోయినాక చెప్తానని. ఆ మాట నా బిడ్డకు చెప్పాలనుకున్నాను. పసిపిల్ల ముందు అలాంటి మాట ఎందుకని మింగేశాను.

ఆశా పిల్ల వెళ్లాక అల్లుడు తలెత్తకుండానే అన్నాడు. "అత్తా, నాకు తెల్వక అడుగుత. లేత పోగుకు ఒక్కపారే బరువంత ఏలాడదీస్తె తెగుతది గద. కొన్నాళ్లు ఆగి, జర గట్టిపడ్డంక ఏయిస్తె ఏమైతది?"

నేతగాడు చెప్పే మాట నేతగాడి ఇంట్లో నిజమనే అనిపిస్తుంది. ఆగుదామనుకున్నాం. ఆ ఆగటం అలా పెరుగుతూ పోయింది. ఒకసారి పిల్లకు జలుబు చేసిందని, ఒకసారి పళ్లు వస్తున్నాయని, ఒకసారి ఊరికే. ఆశా పిల్ల వచ్చిన ప్రతిసారీ నీళ్లు తాగి, అడిగి, కోపం లేకుండా వెళ్లిపోయేది. పిల్ల మాత్రం బాగా పెరిగింది. బుగ్గలొచ్చాయి. కూర్చుంది, పాకింది. "సూసినవా అమ్మా, ఏ సూది లేకున్నా ఎట్లున్నదో" అనేది నా బిడ్డ. బుగ్గలు కళ్ల ముందే కనిపిస్తున్నాయి.

మాఘమాసం వచ్చింది. పెళ్లిళ్ల కాలం. మా సందులో ఊపిరి తిరగని కాలం అది. ఏ మగ్గం మీద చూసినా ఎవరో ఒక పెళ్లికూతురి చీర. వాకిట్లో గంజి వాసన, గదుల్లో పట్టు రంగులు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, రాట్నం తిప్పుతుండగా నా చేయి దానంతటదే ఆగింది. ఏమైందో మొదట అర్థం కాలేదు. చెవికి ఏదో తక్కువైంది. సందు దిగువన చివరి ఇంటి మగ్గం పలకటం లేదు.

సాయంత్రానికి ఆ గడపకు వేపమండలు వేలాడాయి.

"తట్టంట. చిన్నోనికి. కండ్లు తెరుస్త లేడంట" అని ఎవరో చెప్పుకుంటూ పోయారు.

తర్వాత దాని పక్క ఇల్లు. ఆ తర్వాత ఎదురు వరుసలో ఒకటి. వర్షం వచ్చేముందు దూరం నుంచి మబ్బు కమ్ముకుంటూ వచ్చినట్టు, దిగువ నుంచి ఎగువకు మగ్గాలు ఆగుతూ వచ్చాయి. ఏ పూట ఏ ఇల్లు ఆగిందో వంట చేస్తూ కూడా తెలిసిపోయేది. పిల్లలు సందులో ఆడటం మానేశారు. పొద్దున్నే వేపాకు కోసం గోడెక్కిన మగవాళ్లు ఒకరినొకరు పలకరించుకోకుండా దిగిపోయేవాళ్లు.

ఆశా పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి గడపలో కూర్చోలేదు.

"అక్కా, ఇప్పటికన్న ఏయియ్యి. తొమ్మిది నెలలు దాటింది. ఈ ఒక్కటన్న ఏయియ్యి."

నా బిడ్డ పిల్లను గట్టిగా పట్టుకుంది. దాని కళ్లలో బెదురు చూశాను. సూదికీ భయపడుతోంది, తట్టుకూ భయపడుతోంది. ఎటు అడుగు వేసినా తానే చంపినట్టవుతుందని భయం. అంతలో పక్కింటి ముసలామె గోడ మీంచి కేక వేసింది.

"అమ్మ వాడల తిరుగుతున్నప్పుడు సూది పొడుస్తరా? ఏమన్న బుద్ధుందా? ఆమెకు కోపమొస్తె ఎవరాపుతరు?"

దాంతో నా బిడ్డ తేల్చుకుంది. "అమ్మ పోనియ్యి. ఆమె పోయినంక ఏయిస్త. ఒట్టు."

ఆ ముసలామె ఇంటి మగ్గమే మర్నాడు ఆగింది. అవతలి పక్కిల్లు అంతకుముందే ఆగి ఉంది. ఇక మా మగ్గానికి అటూ ఇటూ రెండు మూగ గోడలు. మా దెబ్బ మాకే వినిపిస్తుంటే అల్లుడు ఒక్కోసారి చేయి ఆపి తలుపు వైపు చూసేవాడు. మా ఇళ్ల పెరళ్లకు నడుమ అడ్డుగోడ నడుమెత్తే. అవతల పిల్ల దగ్గితే ఇవతల తొట్టెల్లో వినిపించేది.

అప్పుడొచ్చింది నా బిడ్డకు ఆ ఆలోచన. సందు ఎగువన, మొదట్లో, మా ఆయనకు వరసకు అక్క అయ్యే ఆమె ఇల్లుంది. నాకు వదిన. కొడుకు నేస్తాడు. ఆ కొడుక్కి బడికి పోయే పిల్లవాడొకడు. ఆ ఇంటి మగ్గం ఒక్క పూట కూడా ఆగలేదు. దిగువనంతా మూగబోతున్నకొద్దీ ఆ చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించేది. ఎగువన దీపం ఉన్నట్టుండేది మాకు.

"పొద్దుగాల అత్త తాన ఇడిసిపెడదం, పొద్దుమూకినంక తెచ్చుకుందం. ఆడ మగ్గం ఆడుతుంది. ఏం భయం లేదు" అంది.

ముగ్గురికీ అది సరైన మాటే అనిపించింది. పుట్టి పెరిగిన సందులో అందరం నమ్మే సాక్ష్యం కదా అది.

పిల్లను నేనే ఎత్తుకుపోయాను. వదిన గడప లోపల నిలబడి ఉంది. నన్ను చూసి బయటికి రాలేదు, లోపలికి రమ్మనలేదు.

"వదినా, పగటిపూట ఈ పిల్లను నీ మగ్గం పక్కన కూసోబెట్టుకో. మా దిక్కు అటూ ఇటూ అమ్మనే."

వదిన పిల్ల వైపు చూసింది. నా వైపు చూసింది. "మా తాన ఎందుకు మరదలా... మాకు గూడ పని ఉంది గద" అంది.

"నీకేం పనే? కొడుకు నేస్తడు, నువ్వు ఇత్తనాలేరుకుంట కూసుంటవ్. మనుమడేడి, కనవడడు?"

"వాని మేనమామ ఇంటికి తోలిన. వనపర్తికి."

"మంచి పని చేసినవ్" అన్నాను. పిల్లను అందించాను. వదిన చేతులు చాచటానికి కాస్త ఆలస్యమైంది. వయసు మీద పడింది కదా అనుకున్నాను. ముందు గదిలో మగ్గం పక్కన చాప వేసి కూర్చోబెట్టింది. పిల్ల చప్పుడు వైపు తల తిప్పి చేతులు కొట్టింది. వదిన కొడుకు తలెత్తి కూడా చూడలేదు. వాడి చేతులు ఆగటం లేదు, అంతే.

కొన్ని రోజులు అలా నడిచింది. నా బిడ్డ నడుమ నడుమ పోయి పాలిచ్చి వచ్చేది. మధ్యాహ్నం నేను రాగి జావ పట్టుకుపోయేదాన్ని. ఆ ఇంట్లో ఏదో తక్కువగా ఉందని నా ముక్కు చెప్తూనే ఉంది. ఏ మధ్యాహ్నం పోయినా పోపు వాసన లేదు. వదిన చేతి పోపుకు సందంతా తుమ్మేది. అడిగితే, పళ్లు నొస్తున్నాయి, పెరుగన్నం తింటున్నాం అంది. నమ్మాను. మగ్గం ఆడుతుంటే ఎందుకు నమ్మను?

ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుండగా నాడె తట్టుకుని పోగు తెగింది. వదిన కొడుకు పలక ఆపి పోగు అతకటానికి వంగాడు. చప్పుడు ఆగింది. ఆ ఆగిన చోట, వెనక గదిలోంచి ఒక దగ్గు వినిపించింది. పిల్లవాడి దగ్గు. పొడిగా, తెర చినిగినట్టు. వదిన కొడుకు గబుక్కున పలక అందుకుని ఖాళీగానే కొట్టాడు. పోగు ఇంకా అతకలేదు, అయినా కొట్టాడు.

నేను లేచాను. వదిన అడ్డం వచ్చింది. ఆమెను తోసుకుని వెనక గది తెర ఎత్తాను. చీకటి గదిలో వేపాకుల పక్క మీద ఆ పిల్లవాడు. కళ్లు ఎర్రగా, పుసి కట్టి ఉన్నాయి. తెర సందులోంచి వెలుతురు పడగానే చేయి అడ్డం పెట్టుకున్నాడు. మొహం నుంచి కాళ్ల దాకా పేలి ఉంది.

"ఎప్పటి సంది?" అన్నాను.

వదిన గోడకానుకుని కూర్చుంది. "నువ్వు పిల్లను తెచ్చినప్పటికే జొరముండె. పేలింది ఆ మర్నాడు."

"నాకు చెప్పవద్దా? వద్దనవద్దా?"

"వద్దంటే ఎందుకంటవ్. ఎందుకని అడిగితే చెప్పాలె. చెప్తే మగ్గం ఆపాలె. అమ్మ ఉన్నింట్ల నేసిన చీరను ఏ పెండ్లిపిల్లకన్న కడతరా మరదలా? ముంగటి గదిల ఉన్నదానికి ఏం గాదనుకున్న. అమ్మ గడప దాటదంటరు గద."

పిల్లను ఎత్తుకుని బయటపడ్డాను. వెనక నుంచి మగ్గం చప్పుడు వస్తూనే ఉంది.

ఆ పూటే పిల్లను దవాఖానకు తీసుకుపోయాం. ఈసారి తొడ పట్టుకుంది నా బిడ్డే. సూది దిగేటప్పుడు కళ్లు మూసుకోలేదు. డాక్టరమ్మ అన్నీ విని, నెమ్మదిగా చెప్పింది.

"తట్టు సోకిన ఎంబటే ఏస్తె ఆపొచ్చు. మీకు ఆలస్యమైంది. ఆగుతదో ఆగదో చెప్పలేను. దగ్గు, ఆయాసం వస్తె ఇంట్ల పెట్టుకోకుండ్రి, ఎంబటే తీసుకరాండ్రి. వేపాకులు కట్టుకుంటే కట్టుకోండ్రి. పిల్లను మాత్రం తీసుకరాండ్రి."

ఇంటికి వచ్చి ఎదురు చూశాం. నా బిడ్డ పొద్దున లేవగానే పిల్ల చెవుల వెనక చూసేది, ఎక్కడైనా ఎర్రగా ఉందేమోనని. ఒక పొద్దున చూసి, పిల్లను నాకిచ్చింది. ఒళ్లు వెచ్చగా ఉంది. చెవి వెనక చిన్న చిన్న ఎర్రటి చుక్కలు.

అల్లుడు గుంటలోంచి లేచాడు. మా మగ్గం ఆగింది.

ఆ తర్వాత సందులో నడిచిన మాట ఇంకా భయంకరం. "సూది పొడిసిండ్రు, అమ్మకు కోపమొచ్చింది" అన్నారు. కొత్తగా కన్న తల్లులిద్దరు ఆశా పిల్ల వస్తుంటే తలుపులు వేసుకున్నారు. నేను గడపలో నిలబడి అందరికీ వినిపించేలా చెప్పాను, పిల్లకు సోకింది ఫలానా ఇంట్లోనని. ఎవరూ నమ్మలేదు.

"ఆడ మగ్గం ఆడుతనే ఉంది గద. పెద్దదానివి, అబద్ధమెందుకాడుతవ్?" అన్నారు. నా మాట కన్నా ఆ చప్పుడే వాళ్లకు గట్టి మాట. నేనైనా అంతే అనేదాన్నేమో.

పిల్లకు దగ్గు మొదలైంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడేది. నెలలు నిండక పుట్టిన ఒళ్లు మళ్లీ ఆనాటి ఒళ్లయింది. బుగ్గలు ఎక్కడికి పోయాయో. పక్కింటి ముసలామె గోడ మీంచి చెప్తూనే ఉంది, అమ్మ ఉన్నప్పుడు గడప దాటించవద్దు, దాటిస్తే మిగలదు అని. నా బిడ్డ అటు చూడలేదు. పిల్లను కొంగులో చుట్టుకుని లేచింది. అల్లుడు గడపకు కట్టిన వేపమండలు పక్కకు జరిపి పట్టుకున్నాడు, తల్లీబిడ్డలకు తగలకుండా.

సరిగ్గా అప్పుడే సందు ఎగువన చప్పుడు ఆగింది.

మేం ముగ్గురం తలెత్తి చూశాం. సందంతా తలెత్తి చూసింది. వదిన గడప మీద నిలబడి, చేతులు పైకెత్తి వేపమండలు కడుతోంది. కట్టి, సందు నడుమకు వచ్చి నిలబడింది.

"ఇని పెట్టుకోండ్రి" అంది గట్టిగా. "ఆ పిల్లకు నా ఇంట్లనే అంటింది. నా మనుమనికి ఉండె. నేను చెప్పలే. సూదిని అనకుండ్రి. నన్ననుండ్రి."

ఇంకే ఇంట్లోనూ పలక పలకటం లేదు. అమావాస్య కాని రోజున మా సందు అంత మూగగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. ఆ నిశ్శబ్దంలో ఆటో ఎక్కాం.

గద్వాల దవాఖానలో చూసి కర్నూలుకు పంపారు. ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. ముక్కుకు గొట్టం, చేతికి సూది, కళ్లు పాడవకుండా నోట్లో విటమిన్ చుక్కలు. ఒక్క సూదికి భయపడిన తల్లి, ఆ చిన్న చేతికి ఎక్కడెక్కడ గుచ్చారో చూస్తూ మంచం పక్కన నిలబడే ఉంది. అల్లుడు వరండాలో నేల మీద కూర్చుని నాతో అన్నాడు.

"అత్తా, గంజి పెట్టని పోగును మగ్గమెక్కిచ్చినం."

గంజి పెట్టేది పోగును బరువు చేయటానికి కాదని, పలక దెబ్బకు తెగకుండా ఉండటానికని వాడికి చెప్పాలా? వాడి చేతులకు ఎప్పుడూ తెలిసిందే. ఆ మాట వాడి నోటికి రావటానికే ఇంత కావాల్సి వచ్చింది.

పిల్ల బతికింది. ఆయాసం తగ్గింది, కళ్లు తెరిచింది, పాలు పట్టింది. కుడి చెవిలోంచి చాలా రోజులు చీము కారింది. మందులు వేశారు, ఆగింది. చెవి సంగతి కొన్నాళ్లాగి మళ్లీ చూపించమన్నారు. వదిన మనవడు కూడా లేచి తిరిగాడు. వాళ్ల మగ్గం మీది చీరను మాత్రం ఎవరూ తీసుకోలేదు. సగం నేసిన ఆ ఎర్ర చీర చాలాకాలం అలాగే మగ్గం మీద ఉంది.

మేం తిరిగి వచ్చేసరికి సందులో ఒక్కో మగ్గం మొదలవుతోంది. మా ఇంట్లో అమ్మకు పెరుగన్నం పెట్టి, వేపనీళ్లతో పిల్లకు స్నానం చేయించి, గడప కడిగాం. ఆశా పిల్ల వచ్చింది. మానేసిన సూదులన్నీ ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పింది. నా బిడ్డ ఏమీ అడగకుండా తలూపింది. వద్దని తలుపులు వేసుకున్న తల్లుల్లో ఒకామె మా పిల్లను చూడటానికి వచ్చి, పోతూ పోతూ ఆశా పిల్లను వెంటబెట్టుకుపోయింది. ఇంకొకామె రాలేదు.

ఆ పొద్దున అల్లుడు మగ్గం గుంటలో దిగాడు. పిల్లను ఎప్పటిలాగే చాప మీద కూర్చోబెట్టాం. మగ్గం దాని కుడి చేతి వైపు. ఎడమన సున్నం రాలిన గోడ తప్ప ఏమీ లేదు. నా బిడ్డ పలుచగా నవ్వి, "పిలువు మరి నీ బిడ్డను" అంది. అల్లుడు చేయి ఆపి, కాసేపుండి, ఒక్క దెబ్బ కొట్టాడు.

పిల్ల కళ్లు పెద్దవి చేసింది. విన్నది. తల తిప్పింది.

ఎడమ వైపుకు తిప్పింది. గోడ వైపు.

అల్లుడు మళ్లీ కొట్టాడు. పిల్ల ఆ సున్నం గోడను కిందికీ మీదికీ వెతికింది, చప్పుడు అందులోంచి వస్తున్నట్టు. మూడోసారి కొట్టటానికి అల్లుడి చేయి లేవలేదు. నా బిడ్డ లేచి, పిల్లను ఎత్తి, మగ్గానికి అవతలి వైపున, దాని ఎడమ చెవి నాన్న వైపు ఉండేలా కూర్చోబెట్టింది.

"ఇప్పుడు కొట్టు" అంది.

ఆ చాప ఇప్పటికీ అక్కడే వేస్తాం.